కనీస ఖర్చు

మూడొందల పన్నెండు ఇళ్లకు
ఒక్కటే హోటలు, అది నాది.
నాది అన్నానా? పొరపాటు.
గోడలు అసోసియేషన్‌వి, పొయ్యి అసోసియేషన్‌ది,
అప్పు ఒక్కటే నాది.

అరిజోనా ఎండలో
గోల్ఫ్ గడ్డి తప్ప ఏదీ పచ్చగా ఉండని చోట
క్లబ్‌హౌస్ వెనక తలుపు తీసి
తెల్లారి అయిదింటికి ఉల్లిపాయలు తరుగుతాను.
బయట బోర్డు మీద 'రోసల్బా' అని రాయించాలంటే
అక్షరాల ఎత్తుకో కమిటీ, రంగుకో కమిటీ.
ఇసుక రంగులు మూడున్నాయి, ఒకటి ఎంచుకోమన్నారు.
ఎంచుకున్నాను.
అది పోయినేడు మాట.

మిరపకాయలు కాలుస్తుంటే
నలభై రెండో నంబరు లుయెల్లా ఉత్తరం రాసింది,
వాసన ఉమ్మడి స్థలంలోకి వస్తోందని.
వాసనకు ప్రహరీ ఎక్కడ కట్టను?
ఆ మధ్యాహ్నమే వచ్చి
ఆ మిరపకాయల పచ్చడే
ఇంకో గరిటె వేయమంది.
పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు.
ఇక్కడ జిహ్వకో ఓటు కూడా.

సూపు మీద యాభై సెంట్లు పెంచడానికి
రెండు గంటల మీటింగు.
ఉల్లిపాయల ధర మాత్రం
ఎవరి చేతులూ ఎత్తించకుండానే పెరిగింది.

ఇంకో రూలుంది.
తలకు నెలకు నలభై డాలర్లు ఇక్కడ తినాలి.
తినకపోయినా బిల్లు ఇంటికొస్తుంది.
అందుకే ఒకటో తారీఖు నుంచి ఈగలు తోలుకుంటాం,
నేనూ, గిన్నెలు తోమే ఎఫ్రేనూ.
ముప్పయ్యో తారీఖున మాత్రం జాతర.
మిగిలిన డాలర్లు లెక్కపెట్టుకుంటూ వచ్చి
ఆకలి లేనివాళ్లంతా
ఆపిల్ పైలు అట్టపెట్టెల్లో కట్టించుకుపోతారు.

ప్రతి మీటింగులోనూ వెండెల్ స్ట్రామ్‌క్విస్ట్ లేస్తాడు.
"తిండి తిననందుకు జరిమానా ఏమిటి?
ఆ హోటలు మూసి పేకాట గది చెయ్యండి" అంటాడు.
'ఆ హోటలు' అన్నప్పుడు
నా వైపు చూడడు.

అదే వెండెల్
రోజూ నాలుగున్నరకి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాడు.
రెండు ప్లేట్లు.
తనకి మీట్‌లోఫ్,
ఎదురు కుర్చీకి నిమ్మకాయ పిండని చేప.
ఆర్డిత్ పోయి రెండు నవంబర్లు అయింది.

ఇంట్లో మనిషి తగ్గితే
తొమ్మిదో నంబరు ఫారం నింపాలి, ఒక్క పేజీ.
ఎనభై కాస్తా నలభై అవుతుంది.
ఒకసారి బిల్లు కింద పెట్టి ఇచ్చాను.
కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చదివాడు,
నాలుగు మడతలు పెట్టాడు,
వంగి, ఊగుతున్న బల్లకాలి కింద దూర్చాడు.
అప్పట్నుంచి ఆ బల్ల కదలదు.

చేపను డబ్బాలో సర్ది ఇస్తాను.
ఇంటికెళ్లి ఏం చేస్తాడో అడగలేదు.
రూల్సు పుస్తకం నూటనలభై పేజీలు,
దీనికి మాత్రం సెక్షన్ లేదు.

నిన్న మంగళవారం నన్ను మూసేయాలా వద్దా అని ఓటింగు.
మడత కుర్చీలన్నీ వేశారు.
కాఫీ నేనే పంపాను, డబ్బులడగకుండా.
వెండెల్ అయిదు నిమిషాలు దంచాడు,
గంట కొట్టాక కూడా ఆగలేదు.
చివరికి తల లెక్కేస్తే
కోరానికి పదకొండు మంది తక్కువ.
వచ్చే నెలకు వాయిదా.

తలుపు దగ్గర నన్ను దాటిపోతూ ఆగాడు.
"చేప ఉంచావా, అయిపోయిందా?"
"ఉంచాను. నిమ్మకాయ వద్దు కదా?"
"ఆవిడకి వద్దు" అన్నాడు,
ఏదో నేను మర్చిపోయినట్టు,
కొంచెం విసుగ్గా.