రెండుతోని భాగించు

అట్ట లేదు. మొదటి పదకొండు పేజీలు లేవు.
అజ్మాన్ క్రీకుల ఒక పాత లాంచి మీద
చాయ్ కెటిలు కింద పీటలెక్క ఉండె గీ పుస్తకం.
నాఖుదా కాలుతోని నూకి, తీస్కపో అన్నడు.

నేను రాడార్ స్కానర్లు కడుగుతా.
మాస్టు ఎక్కి ఉప్పు పొర తడిగుడ్డతోని తుడుస్తా,
బేరింగుకు గ్రీజు పెడుతా. నాలుగేండ్ల సంది గదే పని.
పైన తిరిగేది ఏం జూస్తదో ఎన్నడు అడగలే.

చూడదట.
కేకేస్తదట, ఊకుంటదట, చెవి పెడుతదట.
కేకేసినంత సేపు చెవులు మూసుకుంటది గనుక
మరీ దగ్గరున్నది దానికి తెల్వదట.
ఇది చదివి బంకు మీద లేచి కూసున్న.
కింది బంకుల ఎల్లగౌడ్ దగ్గుతున్నడు.
ఎప్పటి సందే అంటే
రంజాన్ ముందటి నుంచి అన్నడు.
తెల్లారి ఛుట్టి అడిగిన, ఇద్దరికి.

ముప్పై రెండో పేజిల లెక్క ఉన్నది:
కేక పోయి మర్లొచ్చిన కాలాన్ని రెండుతోని భాగించు,
మైక్రోసెకండుకు నూటయాభై మీటర్లు.
ఆ రెండు చుట్టు ఎవరో పెన్సిలుతోని సున్న చుట్టిండ్రు,
పక్కన మలయాళంల ఏందో రాసిండ్రు.
నాకు రాదు. గాని ఆ సున్న చాన సేపు చూసిన.
భాగించుడు మర్చిపోయి
ఒకపారి దెబ్బతిన్నోడు గీసిండనుకున్న.

ఆగస్టు. గాలి కదల్లే, అంగీ విప్పితె పిండొచ్చు.
అదే లాంచి తెర మీద నాలుగు మైళ్ళల్ల ఒక ఒడ్డు తేలింది.
అక్కడ ఒడ్డు లేదు. నీళ్ళు, రెండు ట్యాంకర్లు, అంతే.
మాగ్నెట్రాన్ పోయింది, కొత్తది పెట్టాలె, అన్నడు బిజోయ్ సార్.
నాఖుదా మొకం మాడింది.
నేను ఎందుకు నోరు తెరిచిన్నో తెల్వదు:
ఖరాబు గాలే సార్. గిసొంటి ఉక్కల
సముద్రం మీది గాలి గొట్టమైతది,
కేక వంగి వంగి ఇరాన్ దాంక పోతది.
ఆ ఒడ్డు పోయిన కేకకు జవాబు చెప్తున్నది సార్,
మిషినేమో గీ కేకకనుకుంటున్నది.
రేంజి మార్చి చూడున్రి. ట్యాంకర్లు జాగ ఇడువయి. గది ఇడుస్తది.

మార్చిండు.
ఒడ్డు దుంకి అవుతల పడ్డది.

నాఖుదా కెటిలు పొయ్యి మీద పెట్టిండు,
ఈసారి దాని కింద పాత పేపరు ఉండె.
బిజోయ్ సార్ పుస్తకం తిరగేసుకుంట
మొదటి పేజీలేవి అన్నడు. లేవన్న.
ఏం తెల్వనోళ్ళకు రాసేదే ఆ పేజీలల్ల, అన్నడు.
మలయాళం ముక్క జూపిచ్చిన.
రెండుపార్లు చదివి, తల పట్టుకొని నవ్విండు:
లాండ్రిల రెండు అంగీలు, శుక్రవారం.

నేను సుత నవ్విన.
సున్న మాత్రం తుడవలే.