లవంగం కడుపు

మూడు రోజులైంది లవంగం గిన్నె ముట్టక.
ఎనిమిది నెలల పిల్లి.
వెన్ను మీద చెయ్యేస్తే పూసలు తగులుతున్నయి,
కింద కడుపు మాత్రం
నీళ్ల ప్యాకెట్ లెక్క ఊగుతున్నది.

"కడుపుతోని ఉన్నదేమో బిడ్డా" అన్నది
పక్క పోర్షన్ ఖుర్షీద్ ఆపా.
మగపిల్లి ఆపా.
ఇద్దరం నవ్వినం.
నవ్వు మెట్ల దాకా దిగి ఆగింది.

పురుగులే అయ్యుండాలె.
పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి
పురుగుల కోసం మొక్కుకున్న.

కూరగాయల బుట్ట మీద చున్నీ కట్టి
వారాసిగూడ నుంచి నారాయణగూడ దాకా ఆటో.
ప్రతి స్పీడ్ బ్రేకర్ కాడ
"జర ఆహిస్తా, భయ్యా."
మా చెల్లె నెలలు నిండినప్పుడు సుత
ఇంత బతిమాలలేదు.

డాక్టరమ్మ బొచ్చు గీకి సూది గుచ్చింది.
సిరంజిలకు ఎక్కినయి నీళ్లు,
జిగటగ, పసుపు రంగుల.
ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.
నేను ఆమె ముఖం చూసిన.
"రిపోర్టు రేపొస్తది."

రాత్రి బీరువ కింద దూరి పడుకున్నడు.
నేల మీద చెంప ఆనిచ్చి
టార్చి పట్టి చూస్తున్న.
పొద్దుగాల ఆ కడుపు దిగాలె అనుకున్న.
ఇప్పుడు లేవాలె,
మళ్లా లేవాలె, అంతే.

గోడ అవతల నుంచి ఆపా:
"తిన్నడా?"