రెండు గంటల గడువు

కడియం పూలతోటలు దాటాక
ఎవరికీ పట్టని పాత రన్‌వే ఒకటి ఉంది.
దాని మీద మేం గుంట తవ్వుతాం,
పూడుస్తాం,
మళ్ళీ తవ్వుతాం.
అదే మా ఉద్యోగం.

ఇవాళ్టిది పదకొండో గుంట.
మూడడుగులు దిగేసరికి అడుగున నీళ్ళు.
ఈ ఒండ్రునేల అంతే,
ఎక్కడ గీరినా గోదారే ఊరుతుంది.
పంపు పెట్టి తోడాం, కంకర పోశాం,
రోలరు మూడుసార్లు తిరిగింది.

సిమెంటు సంచుల్ని తాటాకుల నీడన దాచాం.
ఐనా దానికి తొందరే.
నీళ్ళు తగలగానే తల్లిని చూసిన దూడలా ఉరుకుతుంది,
పన్నెండో నిమిషానికి తాపీ మాట వినదు.

స్టాప్‌వాచ్ నా చేతిలో.
రెండు గంటలకల్లా విమానం దిగాలని
ఎక్కడో ఎవరో కాగితం మీద రాశారు.
మా దగ్గర విమానం లేదు.
లారీ వెనక పాత విమానపు చక్రం ఒక్కటి బిగించి
ఇసుక బస్తాలు కెక్కించాం.
సూరిబాబు దాన్ని "మా ఫ్లైటండీ" అంటాడు.

అంచు దగ్గర గొంతుక్కూర్చున్నాడు ఏసుపాదం.
ఎనభయ్యారు వరదలో గట్టు తెగినచోట
రాత్రంతా గండి పూడ్చిన మనిషి,
ఇప్పుడు రోజుకూలీకి మా గోనెలు తడుపుతాడు.
"పాతదాని నోరు తడపకుండా కొత్తది పోస్తే
పట్టదమ్మాయ్.
దాహంగా ఉన్నది పక్కదాని నీళ్ళు తాగేస్తది."
నా మాన్యువల్లో అదే మాట
నలభయ్యో పేజీలో, పొడిగా.

తొమ్మిదో గుంటకి మేం తడపలేదు.
వెంట్రుకంత చీలిక అంచు పొడుగునా నడిచింది.
దాని పక్కన సుద్దతో తేదీ, టైమూ రాశాను,
గోడమీద పిల్లల ఎత్తు గుర్తుపెట్టినట్టు.

గంటా నలభై.
చెయ్యి పెడితే జ్వరమొచ్చిన ఒళ్ళులా కాలుతోంది.
గోనెల్లోంచి ఆవిరి, దాంతో బంతిపూల వాసన.
నర్సరీవాళ్ళ దగ్గర కొన్న పాత సంచులవి.

రెండు గంటలు. సూరిబాబు హారన్ కొట్టాడు.
చక్రం ఎక్కింది, దిగింది.
ముప్పైసార్లు. అరవై. తొంభై.
రన్‌వే చివరి కొంగలు తలెత్తి కూడా చూడలేదు.
నూట పన్నెండోసారి
పడమటి మూల రెండు మిల్లీమీటర్లు కుంగింది.
పర్లేదు, గీత లోపలే.

"పాసా, ఫెయిలా?"
"పాసే, ఏసుపాదంగారూ."
"ఎన్నాళ్ళుంటది?"
ఆ గడి నా ఫారంలో లేదు.

ఆయన గండి పూడ్చిన చోటు
ఇప్పటికీ మిగతా గట్టుకన్నా జానెడు ఎత్తట.
బస్సు అక్కడ కాస్త ఎగురుతుందట.

రేపు పన్నెండోది.
వాన పడితే మేలు.
వానలో కూడా పోసి చూడాలి.