పట్టూ విడుపూ

వెర్లిన్ హాచర్ కేటలాగు తెచ్చి నా బల్ల మీద పరిచాడు.
మూడు పేజీలకు చెవులు మడిచి ఉన్నాయి.
నాలుగు వేల డాలర్ల కాయిలోవర్ సెట్టు,
నీలం రంగు స్ప్రింగులు, నగల కొట్టు ఫోటోల్లా.
"ఇవి వేసెయ్యి ఇలోనా,
చీట్ కొండ మీద నా డార్ట్
పట్టాలెక్కిన రైల్లా పోవాలి."

నేనేం మాట్లాడలేదు. బండిని లిఫ్టెక్కించాను.

అరవై తొమ్మిది మోడలు. ఆకుపచ్చ.
నలభై ఏళ్ళుగా దానికి వచ్చిన విద్య ఒక్కటే:
పచ్చదీపం వెలగ్గానే పావు మైలు సూటిగా దూకడం.
ఆ దూకుడు కోసమే వెనక కమాను పట్టీలు
కుడివైపు అరంగుళం ఎత్తు పెట్టించాడు కుర్రతనంలో.
పందెం కోడి తోక లేపినట్టు
ఇప్పటికీ అలాగే నిలబడుతుంది.

సూటిగా పోవడానికి బలం చాలు,
మలుపు తిరగడానికి ఒడుపు కావాలి.
ఈ మాట నాది కాదు,
బొగ్గు గనిలో కంచర గాడిదల్ని తోలిన మా తాతది.

టార్చి వేసి చూపించాను.
బుష్షుల మీద గోరు పెడితే రబ్బరు పొడిగా రాలింది.
షాకులు నూనె కక్కి ఎన్నాళ్ళయిందో.
కిందికి దించి ముందు రెక్కను అరచేత్తో నొక్కితే
మూడుసార్లు ఊగి
నాలుగోసారి ఊగాలా వద్దా అని ఆలోచించింది.
"ఇవి ఇలా ఉండగా నీ నీలం స్ప్రింగులు
నేల విడిచి సాము, వెర్లిన్.
టైరు రోడ్డును వదిలేశాక
ఇంజన్లో ఎన్ని గుర్రాలుంటే ఏం?"

అతను టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని,
అప్పుడు బయటపెట్టాడు అసలు సంగతి.

నోరీన్ పెళ్ళి కేకులు చేస్తుంది.
పికప్పు గేర్‌బాక్సు ఆగస్టులో చచ్చింది.
పోయిన శనివారం మూడంతస్తుల కేకును
ఈ డార్ట్ వెనక సీట్లో కొండ దాటించబోయారు.
ఏడో మలుపులో బండి పడవలా ఒరిగింది,
రెండో అంతస్తు వెళ్ళి కిటికీకి అతుక్కుంది.
పెళ్ళికూతురికి ఏం చెప్పారో
అతను చెప్పలేదు, నేనడగలేదు.

"కేకు సంగతి ముందే చెప్పొద్దూ!"

రాయిలా బిగిస్తే ప్రతి గతుకూ క్రీముదాకా పాకుతుంది.
దూదిలా వదిలేస్తే ప్రతి మలుపూ దాన్ని పక్కకి తోస్తుంది.
పట్టు ఎంత, విడుపు ఎంత
అన్నది తేల్చడమే నా పని,
మిగతాదంతా స్పానర్లు.

అతని కేటలాగు అట్ట వెనకే రాశాను:
ముందు బుష్షులు. ఆపైన మంచి షాకులు నాలుగు.
ముందు చక్రాలు రెంటినీ ముడివేసే కడ్డీ ఒకటి, లావుది,
ఒకటి వాలబోతే రెండోది ఊరుకోకుండా.
టార్షన్ కడ్డీలు ఇప్పటికంటే ఒక్క మెట్టు లావు, అంతే.
వెనకున్న ఆ పొగరు పట్టీలు తీసేసి మామూలువి.
కూలీతో కలిపి రెండు వేల రెండు వందలు.

పొగరు అన్నందుకు నొచ్చుకున్నాడు.
తీసేసిన పట్టీల్ని దుప్పట్లో చుట్టి
ఇంటికి పట్టుకుపోయాడు, ఏం చేసుకుంటాడో.

మూడు వారాల తర్వాత,
బోయర్ల పెళ్ళి నాడు ఎల్కిన్స్ దాటి కొండెక్కాం.
వెనక కేకును కావలించుకుని నోరీన్,
ముందు సీట్లో నేను, కేకు మీద కన్నేసి.
ఐదు. ఆరు.
ఏడో మలుపు దగ్గర వెర్లిన్ ఊపిరి బిగబట్టాడు.
బండి ఒరిగింది,
తెలిసినవాళ్ళు భుజం మీద ఆనినంత,
అక్కడే ఆగి, నేలను పట్టుకుని తిరిగింది.
"ఇదేం పావు మైలు కాదు, మెల్లగా!" అంది నోరీన్.

పై అంతస్తులో చక్కెర పావురం ఒకటి
కాస్త ఎడమకి తల తిప్పి ఉంది.
దాన్ని బొటనవేలితో సర్ది, వేలు నాక్కుంది.
ఎనిమిదో మలుపు వచ్చేస్తోంది.