మూడో తీగ

"వీధి స్తంభం దాకా బాగానే వస్తోందమ్మా,
ఆ తర్వాత మీ గోడల్లోనే ఏదో ఉంది" అన్నాడు
గెథిన్ అనే కుర్రాడు, చేతులు తుడుచుకుంటూ.
మా గోడల్లో ఏముందో నాకు తెలియదా.

ఉత్తర వేల్స్‌లో పలకరాయి తవ్విన కొండ కింద ఇల్లు.
వాన ఇక్కడ వార్త కాదు.
నాన్న ఇద్వాల్ గనిలో డ్రిల్లు పట్టి
ముప్పయ్యేళ్లు రాతికి బెజ్జాలు పెట్టాడు,
రాయి తిరిగి ఆయన చెవులకు పెట్టింది.
యాభై దాటేసరికి
ఫోను మోగినా పిల్లి అరిచినా ఆయనకు ఒకటే.
'తాదా' అని పిలిస్తే నాలుక లోపలే తిరుగుతుంది, కనపడదు.
అందుకే నేనొక్కదాన్నే 'పాపా' అనేదాన్ని,
పెదవుల మీద పట్టుకుంటాడని.

ఎనభై అయిదులో ఓ ఆదివారం
చర్చి ఎగ్గొట్టి మరీ ఇంటి నిండా గంటలు కట్టాడు.
వంటింట్లో ఒకటి, ముందు గదిలో ఒకటి, మేడమెట్ల మలుపులో ఒకటి,
బొగ్గు కొట్లో అన్నిటికంటే పెద్దది.
గోడవార తీగ పాకించి మేకులు కొట్టాడు.
దాని మీద ఇప్పటికి నాలుగుసార్లు రంగు పడింది.
ఫోనొస్తే ఇల్లంతా గొల్లుమనేది.
ఆయనకు అప్పుడూ వినపడేది కాదు.
కప్పులో టీ వణకడం చూసి
"ఎవరో పిలుస్తున్నారు" అని లేచేవాడు.

నేను పెదవులు చదవడం నేర్పుతాను.
ఆయన కోసం నేర్చిన విద్యే ఇప్పుడు కూడు పెడుతోంది.
మంగళ, గురువారాలు తెర మీద పదకొండు ముఖాలు,
చెవులు మెల్లగా మూతపడుతున్నవాళ్లు.
ప, బ, మ... మూడూ పెదవుల మీద ఒక్కలాగే ఉంటాయి,
తేడా ముందూ వెనకా మాటల్లో వెతుక్కోవాలి
అని చెబుతుంటానా,
సరిగ్గా అక్కడే బొమ్మ బిగుసుకుపోతుంది.
మూతి ముడుచుకుని నేను, పాస్‌పోర్టు ఫోటోలోలా.
"నెరిస్, మళ్లీ మాట మధ్యలో రాయైపోయావు"
అని టైపు చేస్తుంది వినిఫ్రెడ్ ప్రాసర్.

శనివారం స్క్రూడ్రైవరూ టార్చీ పట్టుకుని నేల మీద కూలబడ్డాను.
పెద్ద సాకెట్టు మూత విప్పితే
దాని కడుపులో ఇంకో సాకెట్టు.
రూటర్ అక్కడే గుచ్చి చూశాను. ఆరు పాయింట్ ఎనిమిది!
మూత బిగించి ఇంటి తీగలన్నీ కలిపితే
రెండు పాయింట్ ఒకటి.
దొంగ దొరికాడు. ఇంటి దొంగే.

నీలం, తెలుపు జడలా పెనవేసుకుని ఉంటాయి,
బయటి నుంచి పడ్డ రొదని ఒకదానికొకటి కొట్టేసుకుంటూ.
మూడోది నారింజ. ఒంటి తీగ.
గంటల కోసం వేసింది,
ఇప్పటి ఫోన్లకి దాంతో పనే లేదు.
పని లేని తీగ ఊరుకుంటుందా?
పొరుగింటి మిక్సీ, వీధి దీపం, అర్ధరాత్రి రేడియో,
ఊళ్లో రొదంతా చెవొగ్గి విని
ఆ రెండిటికీ ఎక్కిస్తుంది.
వినపడని మనిషి వేసిన తీగ
ఇన్నాళ్లూ మా ఇంట్లో అన్నీ వింటోంది.

మూడో నంబరు దగ్గర పట్టి లాగాను.
రాలేదు. నాన్న బిగింపు.
పటకారు తెచ్చి మళ్లీ లాగితే ఊడింది,
టక్కుమని కూడా అనలేదు.
చివర రాగి మాత్రం కొత్త కాసులా ఉంది.
కాసేపు దాన్ని వేలికి చుట్టుకుని కూర్చున్నాను,
తర్వాత మోకాలు నొప్పెట్టి లేచాను.

మంగళవారం గంటసేపూ
నా పెదవులు ఎక్కడా ఆగలేదు.
పాఠం అయిపోయింది, మైకు కట్టేశాను.
చేతులూపుతూ ఒక్కొక్క ముఖమే ఆరిపోతోంది.
తెరకి పైన, గోడకున్న గంట కేసి చూసి
ఏదో అనుకున్నాను, గొంతు లేకుండా.

వినిఫ్రెడ్ వెళ్లలేదు.
కింద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి:
"ఈసారి చాలా స్పష్టంగా కనపడింది.
'క్షమించు' దాకా తెలిసింది నాకు.
తర్వాతది పాపానా, మామానా?
ముందూ వెనకా మాటలు
ఇంకొంచెం చెప్పాలి నువ్వు."