లైటు రాదు సార్

ఎస్పీ రోడ్డులో ఖలందర్ కొట్టు ముందు
మానిటర్లు బోర్లా పడి ఉన్నాయి
స్టాండ్లు ఊడి, వీపుల మీద మూడు కంపెనీల దుమ్ముతో.

"పంతొమ్మిది తీసుకోండి సార్, జిగేల్‌మంటుంది."
జిగేలు నాకెందుకు?
పదిహేను చాలు. నా కటకానికి అంతకన్నా నోరు పట్టదు.

వెనక రేకు విప్పి వేలితో తడుముతాను.
రిబ్బన్లు పొడుగ్గా ఉండాలి,
బోర్డు పక్కకి వాలాలి;
గాజు వెనకే మడత పడిందంటే
గోడ మీద సగం బొమ్మ చీకటే.
పోయిన నెల ఒకదానికి గోరు తగిలింది.
నిలువునా ఒక గీత. అంతే, అయిపోయింది.

మూలనున్నది చూపించాను.
"అది చచ్చింది. లైటు రాదు. రెండొందలియ్యండి."
"వైరు తగిలించు."
నల్లగా ఉంది.
ఫోను టార్చి ఆనించి, తల వాల్చి చూశాను.

అడుగున ఎక్కడో, టీ మరకంత పల్చగా,
యూనిఫాంలో ఒక పిల్ల. ముందు పళ్లు రెండు లేవు.
కొట్టు కంప్యూటర్లోని బొమ్మే.

ఖలందర్ కౌంటరు దాటొచ్చి
నా చెంప పక్కన చెంప పెట్టి చూశాడు.
"అరె, మా ఫర్జానా!"

కాసేపు ఇద్దరం టార్చి కదపలేదు.

తర్వాత అతను లేచి, చేతులు దులుపుకొని
మూడొందల యాభై అన్నాడు.