మూడు తక్కువ

గ్రీన్‌లాండ్ పటంలో పేరు పట్టనంత ఊరు మాది.
నలభై ఎనిమిది రోజుల తర్వాత ఇవాళ సూర్యుడొస్తాడు.
వచ్చి, కాఫీ పొంగేలోపు వెళ్ళిపోతాడు.
ఊరంతా గుట్టెక్కుతోంది.
పిల్లల నెత్తిన పసుపు కాగితం కిరీటాలు,
ఉపదేశిగారి చంకలో పాటల పుస్తకం.

నేను మాత్రం దిగుతున్నాను.

మంచుబండి మీద ఎనొక్ గాలాల తాడు.
ఆరువందల గాలాలు.
తుఫానులో మంచు పగిలి కొట్టుకొచ్చిన దాన్ని
నేనే పట్టుకున్నాను, నేనే దాచాను.
"చూశావా జుదితా?" అని వాకిట్లో నిలబడి అడిగితే
హాలిబట్ చేప కోస్తూ, తలెత్తకుండా
"లేదు" అన్నాను.
రెండక్షరాలు.
ఆ చలికాలం అతను కుక్కల్ని అమ్ముకున్నాడు.

తర్వాత పదకొండేళ్ళు, ఆదివారం తప్పకుండా
ముందు బల్లలో కూర్చుని పాడాను.
కానుక పళ్ళెంలో పెద్ద నోటు నాదే.
నీ మహిమ చూపించు ప్రభువా అని అడిగాను.
ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు ఆడిన రాత్రుల్లో
ఇదేనేమో అనుకున్నాను.
అది ఆకాశం, అంతే.
అందరికీ ఆడుతుంది, నా కుక్కలక్కూడా.

మొన్న రాత్రి బల్ల తుడుస్తుంటే వినపడింది.
గొంతు అనలేను. ఉరుమైతే కాదు.
మరిచిపోయిన పని గుర్తొచ్చినట్టు:
ఇచ్చెయ్యి.

సూర్యుణ్ణి చూసొచ్చాక ఇస్తానన్నాను.
తాడు చివికింది, డబ్బిస్తానన్నాను.
బేరానికి బదులు లేదు.
చెప్పినవాడు ఒక్కసారే చెప్పి ఊరుకున్నాడు,
అమ్మ కళ్ళతో చెప్పి ఊరుకున్నట్టు.

రాత్రంతా కూర్చుని తుప్పు గీకాను.

ఎనొక్ ఇల్లు కొండ నీడలో.
సూర్యుడు అక్కడికి రావాలంటే ఇంకో రెండు వారాలు.
తలుపు తట్టి, నేర్చుకున్న మాటలన్నీ మింగేసి
"ఇది నీది. తీసింది నేను" అన్నాను.

అతను తిట్టలేదు. కూర్చోమననూ లేదు.
తాడును దీపం దగ్గరకు లాక్కుని
లెక్కపెట్టడం మొదలెట్టాడు.
గుట్టమీద ఒక్కసారిగా కేకలు, పాట...
వచ్చాడన్నమాట.
ఇక్కడ కిటికీ నీలంగానే ఉంది.
అతను నూటనలభై దగ్గరున్నాడు.
నాలుగువందలు దాటేసరికి పాట ఆగింది.
వెళ్ళాడన్నమాట.

"మూడు తక్కువ," అన్నాడు చివరికి.
"అవును," అన్నాను.
లేచి కాఫీ పెట్టాడు. ఒక కప్పు కడిగాడు.
కాసేపాగి,
రెండోది కూడా.

తిరుగుదారిలో బండి ఖాళీ.
తేలిగ్గా జారుతుందనుకున్నాను.
తాడు భుజాన్ని కోసుకుపోయింది.
బండి పట్టీలు మంచులోకి లోతుగా దిగుతున్న చప్పుడు,
ఎవరో ఎక్కి కూర్చున్నట్టు.
ఇది పాత బరువు కాదు, దాన్ని నేనెరుగుదును,
పదకొండేళ్ళు పక్కలో పడుకుంది.
మెడ వెనక వెచ్చగా ఉంది.
చేతులు వణికాయి, చలికి కాదు.

గుట్ట దిగొస్తున్న పిల్లలు ఎదురై
"అయ్యో, నువ్వు చూడలేదా పిన్నీ?" అని జాలిపడ్డారు.

ఇంటిదాకా లాగాను.
వెనక్కి తిరిగి చూడలేదు.
చూడమని చెప్పలేదు కదా.